మైలుతుత్తం నుంచి జిప్సం దాకా: సల్ఫేట్ ఉప్పుల్ని నీళ్లలో సరిగ్గా కలిపే పద్ధతి

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), జింకు సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అమ్మోనియం సల్ఫేట్, జిప్సం (కాల్షియం సల్ఫేట్). శ్రీకాకుళం జిల్లాలో ఒక మాదిరి ఎరువుల కొట్టుకి వెళితే వీటిలో నాలుగైదు దొరుకుతాయి. అన్నీ సల్ఫేట్లే. అయినా ఒకటి నిమిషాల్లో కరిగిపోతుంది, ఇంకోటి ఎంత కలిపినా అడుగునే కూర్చుంటుంది. పొద్దున్న తేటగా ఉన్న ద్రావణం మధ్యాహ్నానికి తుప్పు రంగుకి తిరుగుతుంది. డ్రమ్ములో మందు విరిగిపోతే ముందు కొట్టువాడి మీదే అనుమానం వస్తుంది. అప్పుడప్పుడు అది నిజమే. కానీ ఎక్కువసార్లు గొడవకి కారణం సంచిలో ఉండదు, డ్రమ్ములో ముందే ఉంటుంది: బోరు నీటిలోని కారం (క్షారగుణం), అంతకుముందు వేసిన ఇంకో ఎరువు, లేదా ఆ డ్రమ్మే.

ఉద్దానం కొబ్బరి, వంశధార, నాగావళి ఆయకట్టు వరి, విజయనగరం ఎర్రనేలల వేరుశనగ. వీటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ చదివే పిల్లలకి కూడా ఇందులో పనికొచ్చేది ఉంది.

ముందు, నీళ్లలో పడ్డాక ఏమవుతుందో తెలుసుకోండి

ఉప్పు కరిగిందంటే లోహం (అమ్మోనియం సల్ఫేట్‌లో అయితే అమ్మోనియం) ఒక పక్కకి, సల్ఫేట్ ఒక పక్కకి వెళ్లాయని అర్థం. ఇలా విడిపోయిన, ఆవేశం ఉన్న ముక్కల్నే అయాన్లు అంటారు. లోహానిది ధనావేశం, సల్ఫేట్‌ది రుణావేశం. సిరిమాను చూడ్డానికి కలిసి వచ్చిన ఇద్దరు విజయనగరం కోట ముందు జనంలో విడిపోయినట్టే ఉంటుంది వీటి పని. జింకు సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్ ఒకే డ్రమ్ములో కరిగాక ఏ సల్ఫేట్ దేనితో వచ్చిందని అడగడంలో అర్థం లేదు. డ్రమ్ములో ఉన్నవి జింకు, మెగ్నీషియం, సల్ఫేట్, నీళ్లు, అంతే. కొత్తగా దేన్నైనా వేస్తే అది వీటన్నిటితోనూ విడివిడిగా తేల్చుకోవాలి.

ఇందులో సల్ఫేట్ నెమ్మదస్తుడు. నీటి పులుపుని పెద్దగా మార్చదు, గాలికి చెడదు, ఎండకి విరగదు. కాల్షియం, స్ట్రాన్షియం, సీసం, బేరియం ఎదురైతే మాత్రం వాటిని పట్టుకుని అడుక్కి దిగిపోతుంది. మిగతా తలనొప్పులన్నీ లోహం వైపు నుంచే. రాగి, జింకు, ఇనుము, అల్యూమినియం అయాన్లు తమ చుట్టూ ఉన్న నీటి అణువుల నుంచి హైడ్రోజన్ అయాన్లని విడిపిస్తాయి, అందుకే వాటి ద్రావణాలు పుల్లగా ఉంటాయి. మైలుతుత్తం ద్రావణం పీహెచ్ 4 చుట్టుపక్కల ఉంటుంది. పొటాషియం, మెగ్నీషియం సల్ఫేట్లకి ఈ గుణం దాదాపు లేదు. ఏ లోహం నీటిని పుల్లగా చేస్తుందో, దానికి కారపు నీరు తగిలితే హైడ్రాక్సైడ్‌గానో కార్బొనేట్‌గానో విరిగిపోతుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే.

కరిగే శక్తి: నౌపడ ఉప్పుమళ్లలో కళ్లారా చూడొచ్చు

లీటరు సముద్రపు నీటిలో సల్ఫేట్ సుమారు 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు ఉంటాయి. ఉప్పుమడిలో నీరు ఎండకి ఆవిరై దాదాపు నాలుగో వంతుకి వచ్చేసరికి ముందుగా జిప్సం పలుకులు పేరుకుంటాయి. మనం తినే ఉప్పు అప్పటికింకా నీళ్లలోనే ఉంటుంది. అది దిగడానికి నీరు పదో వంతు దాకా తగ్గాలి. ఉప్పు తీసేశాక మిగిలే చేదునీటిలో మెగ్నీషియం సల్ఫేట్, మెగ్నీషియం క్లోరైడ్ పోగుపడతాయి. అంటే ఒకే నీటిలో ఉన్న ఒకే సల్ఫేట్, కాల్షియం దొరికితే తొందరగా దిగిపోయింది, మెగ్నీషియంతో చివరిదాకా తేటగా ఉండిపోయింది.

అంకెల్లో చెప్పాలంటే, మామూలు వేడిలో లీటరు నీటిలో జిప్సం కరిగేది 2.4 గ్రాములే. పొటాషియం సల్ఫేట్ సుమారు 110 గ్రాములు, మైలుతుత్తం పలుకులు 320 గ్రాములు, అమ్మోనియం సల్ఫేట్ 750 గ్రాముల దాకా కరుగుతాయి. బేరియం సల్ఫేట్ అయితే రెండు మూడు మిల్లీగ్రాములే. బేరియం లవణాలు విషం, అయినా కడుపు ఎక్స్‌రేకి బేరియం సల్ఫేట్‌ని తాగించగలుగుతున్నారంటే అది కరగకపోవడం వల్లే. కాలేజీ ల్యాబ్‌లో సల్ఫేట్‌ని గుర్తుపట్టేదీ దీంతోనే: ద్రావణానికి కొంచెం సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆ తర్వాత బేరియం క్లోరైడ్. ఆమ్లంలో కూడా కరగని తెల్ల అవక్షేపం వస్తే సల్ఫేట్ ఉన్నట్టు. ఆమ్లం ముందు ఎందుకంటే, కార్బొనేట్ కూడా బేరియంతో తెల్లగానే దిగి మోసం చేస్తుంది.

1. సంచి మీద శాతం చూసి తూకం వేయండి

చాలా సల్ఫేట్ పలుకుల్లో నీరు భాగంగా ఉంటుంది. మైలుతుత్తంలో ఒక్కో అణువుకి అయిదు నీటి అణువులు. పలుకుని పెనం మీద బాగా వేడిచేస్తే నీలం పోయి తెల్ల పొడి మిగులుతుంది, దాని మీద చుక్క నీరు వేస్తే మళ్లీ నీలం. జింకు సల్ఫేట్ రెండు రకాలుగా వస్తుంది: ఏడు నీటి అణువులున్న 21 శాతం జింకు రకం, ఒక్క నీటి అణువే ఉన్న 33 శాతం రకం. సిఫారసుల్లో వినబడే లీటరుకి 2 గ్రాములు, ఎకరాకి 20 కిలోలు అనేవి 21 శాతం దానికి. 33 శాతం సంచి తెచ్చుకుంటే ఆ అంకెని 21తో గుణించి 33తో భాగించాలి. 20 కిలోలకి బదులు సుమారు 12.7 కిలోలు, 2 గ్రాములకి బదులు ఒకటింపావు గ్రాము. ఈ లెక్క వేయకుండా కొలిస్తే ఆకు మాడే ప్రమాదం ఉంది, డబ్బు ఎలాగూ దండగ.

2. మీ నీటిని సీసాలో పరీక్షించండి

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన పని ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. లీటరు తేట గాజు సీసా లేదా ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మీరు వాడబోయే నీళ్లే పోయండి, కొళాయి నీరో మినరల్ వాటరో కాదు. కలపబోయే ఉప్పుల్ని అదే పాళ్లలో, అదే వరసలో వేసి ఊపి అరగంట వదిలేయండి. వెలుతురుకి పట్టి చూస్తే తేటగా ఉందా, మబ్బుగా ఉందా, అడుగున పిండి దిగిందా తెలుస్తుంది. సీసాలో విరిగింది డ్రమ్ములోనూ విరుగుతుంది.

సముద్రం వైపు ఊళ్లలో బోరు నీరు కఠినంగా ఉంటే అందరూ కాల్షియాన్ని తిడతారు. పిచికారీ మోతాదులో ఆ కాల్షియం ఒక్కటే జిప్సాన్ని దించలేదు, అంత మోతాదు ఉండదు. అసలు దొంగ బైకార్బొనేట్. అది జింకుని మబ్బుగా చేస్తుంది, ఇనుముని తుప్పుగా మారుస్తుంది. విరుగుడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం). లీటరుకి అర గ్రాము నుంచి మొదలుపెట్టి, పీహెచ్ కాగితం 5.5, 6 మధ్య చూపించేదాకా వేయండి. వరస ముఖ్యం: ముందు నీటిని పులుపు చేసి, ఆ తర్వాతే సల్ఫేట్ వేయాలి. విరిగాక నిమ్మ ఉప్పు వేస్తే మళ్లీ కరగడానికి చాలా ఎక్కువ కావాలి. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమానికి మాత్రం ఇది వద్దు, అక్కడ కథ తిరగబడుతుంది.

3. ప్లాస్టిక్ డ్రమ్మే వాడండి

ఇనప బకెట్‌లో మైలుతుత్తం కలిపితే రాగి బకెట్‌కి అంటుకుంటుంది, బకెట్‌లోని ఇనుము నీళ్లలోకి పోతుంది. మీరు పంటకి కొట్టేది చాలావరకు అన్నభేది. గాల్వనైజ్ చేసిన బకెట్ అయితే జింకు పూత ముందు పోతుంది. సిమెంటు తొట్టిలో అమ్మోనియం సల్ఫేట్ చిక్కటి ద్రావణం నిలవ ఉంచితే సిమెంటు పెళుసెక్కి రాలుతుంది.

4. కరిగించే తీరు

మైలుతుత్తం పలుకుల్ని డ్రమ్ము అడుగున గుమ్మరించి కర్రతో తిప్పుతూ అలసిపోనక్కర్లేదు. పల్చని గుడ్డలో మూటకట్టి నీటి పైభాగంలో, మూట మునిగేటంత లోతులో వేలాడదీయండి. కొద్దిసేపట్లోనే మూట కింద నుంచి నీలం తీగలు తీగలుగా అడుక్కి జారడం కనిపిస్తుంది. కరిగిన ద్రావణం బరువు, అది కిందికి పోతుంటే తేట నీరు మూట దగ్గరికి వస్తూ ఉంటుంది. అడుగున వేస్తే అదే బరువు ద్రావణం పలుకుల్ని కప్పేసి కదలదు, తెల్లారినా కొంత మిగులుతుంది.

పొటాషియం సల్ఫేట్‌కి బరువుకి కనీసం పదింతలు, వీలైతే పదిహేనింతలు నీరు పోయండి, ఓపికగా కలపండి. దాన్ని అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంలో కరిగించబోతే ఇంకా తక్కువ కరుగుతుంది, ఎందుకంటే నీళ్లలో సల్ఫేట్ ముందే కిక్కిరిసి ఉంది. పుస్తకాల్లో దీన్నే ఉమ్మడి అయాను ప్రభావం అంటారు. తక్కువ కరిగేదాన్ని ముందు, ఎక్కువ కరిగేదాన్ని తర్వాత వేస్తే ఈ ఇబ్బంది సగం తీరుతుంది.

5. కాల్షియం నైట్రేట్‌ని వేరే డ్రమ్ములో ఉంచండి

కూరగాయలకో, పండ్ల తోటలకో డ్రిప్ ద్వారా ఎరువులు ఇచ్చేవాళ్లకి ఇది ప్రాణం. కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకి రెండేసి గ్రాముల చొప్పున కలిపితే ద్రావణం తేటగానే ఉండొచ్చు. ఆ రెంటినే లీటరుకి 100 గ్రాముల చొప్పున చిక్కగా కలపండి, క్షణాల్లో తెల్లటి ముద్ద అవుతుంది. అదే జిప్సం. "పోయినసారి పిచికారీలో కలిపాను, ఏం కాలేదే" అనేవాళ్లు పొరపాటుపడేది ఇక్కడే. కలపవచ్చా, కలపకూడదా అన్నది పేర్లని బట్టి కాదు, చిక్కదనాన్ని బట్టి. ముద్దయ్యాక నీళ్లు పోసినా త్వరగా కరగదు, ఈలోగా డ్రిప్పర్లు మూసుకుపోతాయి. రెండు డ్రమ్ములు పెట్టుకోండి, ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి, మధ్యలో ఉత్త నీరు వదలండి.

వరికి జింకు

ముదురాకుల మీద ఇటుక రంగు మచ్చలొచ్చి, ఈనె తెల్లబడి, పైరు గిడసబారితే లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేట్ (21 శాతం) అయిదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తారు. దమ్ములో అయితే ఎకరాకి 20 కిలోలు. దమ్ములో వేసేటప్పుడు డీఏపీతో కలిపి చల్లొద్దు. డీఏపీలోని ఫాస్ఫేట్, జింకు కలిసి కరగని జింకు ఫాస్ఫేట్ అవుతుంది, రెండు సంచుల డబ్బూ బురదపాలు. మూడు రోజులైనా తేడా ఇవ్వండి.

జింకు పేరుతో మెగ్నీషియం సల్ఫేట్ అంటగట్టడం పాత మోసం. చూడ్డానికి రెండూ ఒకటే. ఇంట్లో పట్టుకోవచ్చు: చెంచాడు ఉప్పు అరగ్లాసు నీళ్లలో కరిగించి, పల్చటి కాస్టిక్ సోడా ద్రావణం చుక్కలు చుక్కలుగా వేయండి. రెండింట్లోనూ గంజిలాంటి తెల్ల ముద్ద వస్తుంది, కాబట్టి అక్కడితో తీర్పు చెప్పేయకండి. ఇప్పుడు చిక్కటి కాస్టిక్ సోడా ఇంకా పోయండి. జింకు అయితే ముద్ద కరిగిపోయి గ్లాసు తేటపడుతుంది, మెగ్నీషియం అయితే ముద్ద అలాగే ఉంటుంది. జింకు హైడ్రాక్సైడ్‌కి ఆమ్లంలోనూ, క్షారంలోనూ కరిగే గుణం ఉంది, మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌కి లేదు. కాస్టిక్ సోడా కంటికి చాలా ప్రమాదం, చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాల్సిందే. అనుమానం గట్టిపడితే కొట్లో వాదన కంటే వ్యవసాయాధికారి ద్వారా నమూనా ల్యాబ్‌కి పంపడం మేలు.

అన్నభేది

లేత ఆకులు ఈనెలు తప్ప పాలిపోయిన వేరుశనగకి లీటరుకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. ముందు నిమ్మ ఉప్పు, తర్వాతే అన్నభేది. లేత ఆకుపచ్చ పలుకులైతే సరుకు మంచిది, పైన గోధుమ రంగు పొర ఎక్కితే గాలి తగిలి కొంత ఫెర్రిక్‌గా మారిపోయినట్టు. ద్రావణంలో కూడా జరిగేది ఇదే: ఆక్సిజన్ తగిలి ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్ అవుతుంది, అది తుప్పుగా దిగిపోతుంది. నీరు ఎంత కారంగా ఉంటే ఇది అంత వేగంగా నడుస్తుంది. కలిపిన వెంటనే కొట్టేయండి, టీ తాగొచ్చి కొడదాం అనుకోకండి. వేరుశనగకి తొలిపూతలో ఎకరాకి వేసే 200 కిలోల జిప్సం మాత్రం కరిగించేది కాదు. మొక్క మొదట్లో వేస్తే నేల తేమే దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తూ కాల్షియాన్ని, గంధకాన్ని అందిస్తుంది.

బోర్డో మిశ్రమం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని పడగొట్టింది. ఆ తర్వాత నాటిన లేత చెట్లకి వానాకాలంలో మొవ్వుకుళ్లు భయం ఉంటుంది, దానికి ఇప్పటికీ నమ్మకమైన మందు ఒక శాతం బోర్డో మిశ్రమం. ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిల్లార్డే ద్రాక్ష బూజు తెగులుకి దీన్ని 1885లో ప్రకటించాడు. పాళ్లు తేలిక: 100 లీటర్ల నీటికి 1 కిలో మైలుతుత్తం, 1 కిలో మంచి పచ్చి సున్నం. పది లీటర్లే కావాలంటే వందేసి గ్రాములు.

మైలుతుత్తాన్ని 50 లీటర్లలో మూటకట్టి కరిగించండి. ఇంకో డ్రమ్ములో సున్నపు గడ్డల మీద కొద్దికొద్దిగా నీరు చిలకరించండి. అవి వేడెక్కి, పగిలి, పొడిగా విచ్చుకుంటాయి. ముఖం పైకి పెట్టకండి. చల్లారాక 50 లీటర్లు చేసి గుడ్డతో వడకట్టండి. సున్నపు నీటిని కలుపుతూ ఉంటే మైలుతుత్తం నీటిని సన్నని ధారగా అందులోకి పోయాలి, అటుది ఇటు కాదు. అలా చేస్తే మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా మిశ్రమం కారంగానే ఉంటుంది, రాగి మెత్తటి జిగురులాంటి రేణువులుగా దిగుతుంది, ఆకుకి బాగా పట్టుకుంటుంది. రెండూ చల్లగా ఉండాలి. చిక్కగా కలిపి తర్వాత నీళ్లు పోస్తే రేణువులు ముతకవుతాయి.

లెక్క వేస్తే ఒక తమాషా తెలుస్తుంది. 1 కిలో మైలుతుత్తంలోని రాగిని పూర్తిగా దించడానికి స్వచ్ఛమైన పచ్చి సున్నం సుమారు 224 గ్రాములు చాలు. మరి కిలో ఎందుకు? ఊళ్లో దొరికే సున్నం స్వచ్ఛం కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని రోజురోజుకీ చచ్చిపోతుంది, పైగా మిగులు సున్నం మిశ్రమాన్ని ఆకుకి అంటిస్తుంది. కాబట్టి కిలోకి కిలో వేశాక కూడా మిశ్రమం పుల్లగా ఉందంటే మీ సున్నం పూర్తిగా చచ్చినదే. సల్ఫేట్ సంగతి: లెక్కప్రకారం గరిష్ఠంగా 690 గ్రాముల జిప్సం పుట్టగలదు, 100 లీటర్లు కరిగించుకోగలిగేది 240 గ్రాములే. మిగిలింది రాగితో పాటు అడుక్కి దిగుతుంది. అందుకే కొట్టేంతసేపూ కలుపుతూ ఉండాలి.

పరీక్షకి తోమి మెరిపించిన కత్తిని ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రగా రాగి పూత అంటితే కరిగిన రాగి ఇంకా మిగిలి ఉన్నట్టు, అది ఆకుని మాడుస్తుంది. సున్నపు నీరు కొంచెం కొంచెం కలుపుతూ, పూత అంటనిదాకా చూడండి. ఆ రోజే వాడేయాలి, మర్నాటికి రేణువులు పెద్దవై పట్టు పోతుంది. అమ్మోనియం సల్ఫేట్ ఇందులో కలపొద్దు: సున్నం అమ్మోనియాని ఘాటుగా బయటికి తోలేస్తుంది, మిగిలిన అమ్మోనియా రాగిని ముదురు నీలంగా కరిగించేసి మళ్లీ ఆకు మాడే స్థితికి తెస్తుంది. చెట్టు కుళ్లిన భాగం గీకి పూసే పేస్టుకి పాళ్లు అవే, నీరు మాత్రం 10 లీటర్లు.

మైలుతుత్తం నీలిరంగు పిల్లల్ని ఆకర్షిస్తుంది, మింగితే ప్రాణాపాయం. మిగిలిన మందుని చెరువులోనో గెడ్డలోనో పోస్తే చేపలు చస్తాయి.

పటిక గురించి రెండు ముక్కలు

వరద రోజుల్లో నాగావళి నీరు బురదగా వస్తే పటిక తిప్పుతాం. పటికలోని అల్యూమినియం నీటిలోని బైకార్బొనేట్‌తో కలిసి పత్తిలాంటి హైడ్రాక్సైడ్ అవుతుంది, మట్టి రేణువుల్ని చుట్టుకుని దిగుతుంది. డ్రమ్ములో జింకుని పాడుచేసిన బైకార్బొనేటే ఇక్కడ మనకి కావలసింది, అందుకే బైకార్బొనేట్ తక్కువగా ఉండే వాన నీటిలో పటిక సరిగా పనిచేయదు. తేటపడ్డ నీటిలో క్రిములు చావవు, మరిగించాలి. తాగునీటిలో సల్ఫేట్‌కి భారత ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీరు లేకపోతే 400 దాకా.

చివరగా, నాజిల్ మూసుకుపోతే

పుల్లతో పొడవకముందు అడ్డుపడ్డది ఏమిటో చూడండి. దాని మీద చుక్క వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే కార్బొనేట్, నీలంగా కరిగితే రాగి హైడ్రాక్సైడ్. ఈ రెండింటికీ నాజిల్‌ని పావుగంట వెనిగర్‌లో ఉంచితే చాలు. ఏమీ జరగకపోతే జిప్సం అయి ఉంటుంది, దానికి ఆమ్లంతో పెద్దగా పని లేదు. బకెట్ మంచినీళ్లలో నానబెట్టి, పూటకోసారి నీరు మార్చండి. లీటరుకి 2.4 గ్రాముల చొప్పున అదే కరిగిపోతుంది.